మేస్త్రీ పుస్తకంలో ఏడో తరగతి లెక్క

దసరా పోయిన పది పదిహేను రోజులకు నారాయణపేట, మక్తల్, కోస్గి వైపు ఊళ్లలో మూటలు కట్టడం మొదలవుతుంది. బియ్యం, కారం, నాలుగు గిన్నెలు, రెండు దుప్పట్లు. ఎత్తిపోతల లిఫ్టుల నీళ్లు అందిన ఊళ్లలో వలస బాగా తగ్గింది. నీళ్లు ఎక్కని మెట్ట ఊళ్లలో, తండాల్లో మాత్రం ఇంకా ఆగలేదు. ముంబై, పుణె, బెంగళూరు, ఎక్కడ బిల్డింగ్ పని ఉంటే అక్కడికి పోతారు. పోయే ముందు, కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుంటారు. ఎవరు ఎంత తీసుకున్నారో ఒక పుస్తకంలో ఉంటుంది. పేరు, ఎదురుగా అంకె, పక్కన సంతకమో నిశానియో (వేలిముద్ర). ఆ పుస్తకం మేస్త్రీ దగ్గరే ఉంటుంది.

చదువుకూ దేశ ఆర్థిక వృద్ధికీ ఉన్న సంబంధం గురించి ఎవరు రాసినా దక్షిణ కొరియాతోనో సింగపూర్‌తోనో మొదలుపెడతారు. కొరియా దగ్గరికి తర్వాత వెళ్దాం. ముందు ఈ పుస్తకంలో ఒక పేజీ చూడాలి.

ఆలుమగలిద్దరూ కలిసి 20,000 రూపాయలు అడ్వాన్స్ తీసుకున్నారనుకుందాం. నెలకు నూటికి మూడు రూపాయల మిత్తి, అంటే వడ్డీ. మిరుగు (జూన్‌లో వచ్చే మృగశిర కార్తె) దాకా ఎనిమిది నెలల పని. నెలకు 2,500 చొప్పున కూలీలోంచి పట్టుకుంటూ పోతే ఎనిమిది నెలలకు అసలు తీరిపోతుంది. మరి మిత్తి ఎంత? నోటిలెక్క చాలా సులువు: ఇరవై వేలకు నెలకు ఆరు వందలు, ఎనిమిది నెలలకు 4,800. వినేవాళ్లకు అందులో తప్పేమీ కనిపించదు. కానీ అసలు నెలనెలా తగ్గుతోంది కదా. మొదటి నెల మిత్తి 600 అయితే రెండో నెల మిగిలిన 17,500 మీద 525 మాత్రమే రావాలి. మూడో నెల 450. అలా దిగుతూ దిగుతూ చివరి నెల 75. అన్నీ కూడితే 2,700. రెండు లెక్కలకూ తేడా 2,100 రూపాయలు. ఇది ఏడో తరగతి బారువడ్డీ లెక్క, అంతకు మించి ఏమీ లేదు. మేస్త్రీలందరూ మొదటి లెక్కే చెప్తారని కాదు. చాలామంది మేస్త్రీలు కూడా పైనున్న కాంట్రాక్టర్‌కు బాకీపడ్డవాళ్లే. అయితే ఏ లెక్క చెప్పినా, అది సరైనదో కాదో చూసుకునే శక్తి అవతలివాళ్లకు లేనప్పుడు తేడా ఎటు పోతుందో ఊహించడం కష్టం కాదు.

ఇక అసలు సంగతి. ఆ 2,100 రూపాయలు కూలీ చేతిలో ఉన్నా, ఇంకొకరి చేతిలో ఉన్నా దేశ జీడీపీలో పైసా తేడా రాదు. ఆ ఏడాది లేచిన గోడ అంతే, పోసిన స్లాబ్ అంతే. డబ్బు ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారింది, అంతవరకే. కాబట్టి ఆ ఇంట్లో ఎవరికో ఏడో తరగతి లెక్క వచ్చినందువల్ల దేశం ఎంత పెరిగిందని అడిగితే, లెక్కల ప్రకారం సున్నా అనే చెప్పాలి. ఆ ఇంట్లో మాత్రం 2,100 రూపాయలు మిగిలాయి. అలా రెండు మూడేళ్లు మిగిలితే వచ్చే దసరాకు అడ్వాన్స్ తీసుకోనవసరం ఉండదు. అడ్వాన్స్ లేకపోతే ఆలుమగల్లో ఒకరు ఊళ్లో ఉండిపోవచ్చు. ఒకరు ఉంటే పిల్లలు బడి మానరు. ఆ పిల్లలు పెరిగి పెద్దయి పనిలోకి వచ్చినప్పుడు గానీ జీడీపీలో ఏమైనా కనిపించదు.

పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా), నల్లగొండ అనుభవం చెప్పేది ఇదే. ఇక్కడ చదువు మొదట తెచ్చేది మోసపోకుండా నిలబడే శక్తి. ఉత్పత్తి పెరగడం ఆ తర్వాతి తరంలో వస్తుంది. అక్షరానికీ ఆదాయానికీ మధ్య ఒక తరం దూరం ఉంది. ఆ మధ్య తరం కష్టం ఏ గణాంకంలోనూ సరిగా నమోదు కాదు. అందుకే చదువు మీద పెట్టిన ఖర్చును ఐదేళ్ల లెక్కలో కొలిచిన ప్రతిసారీ అది దండగలాగే కనిపిస్తుంది.

ఎక్కడి నుంచి మొదలయ్యారో కూడా గుర్తుపెట్టుకోవాలి. 1951 జనాభా లెక్కల్లో హైదరాబాద్ రాష్ట్రంలో చదవడం రాయడం వచ్చినవాళ్లు నూటికి పది మంది కూడా లేరు. అప్పుడు దేశ సగటు 18. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లోనే మొదలైంది, కానీ అక్కడ బోధన ఉర్దూలో. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడికి పైచదువు రెండు భాషల దూరంలో ఉండేది. అందుకే ఇక్కడి ప్రజా ఉద్యమం గ్రంథాలయాలతో, పత్రికలతో మొదలైంది. నల్లగొండ నుంచి 1922లో ‘నీలగిరి’ పత్రిక వచ్చింది. పాలమూరు గడ్డ మీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో ‘గోలకొండ’ పత్రిక మొదలుపెట్టారు, 1930లో జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. మరుసటి ఏడాది సభ దేవరకొండలో జరిగింది. వెట్టి చాకిరీని, దొరల లెక్కలను ప్రశ్నించిన నల్లగొండ రైతాంగ పోరాటానికి ముందు ఏళ్ల తరబడి ఊరూరా చదివింది పత్రికలే అన్న విషయం ఆర్థికవేత్తల పట్టికల్లో ఉండదు. ఉండాల్సిన విషయమే అది.

అరవై ఏళ్ల తర్వాత 2011 లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 23 జిల్లాల్లో అదే అడుగు. ఆడవాళ్లలో 45 శాతం లోపే. నల్లగొండ జిల్లాలో మొత్తం 64. వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌లో 83. ఈ అంకెల్లో అన్నిటికంటే బరువైనది ఆ 45. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

ఆర్థికశాస్త్రం ఈ ప్రశ్నను ఆలస్యంగానే పట్టుకుంది. 1957లో రాబర్ట్ సోలో అమెరికాలో అంతకు ముందరి నలభై ఏళ్ల వృద్ధిని లెక్క కట్టి చూశారు. ఒక్కో పనివాడి ఉత్పత్తి రెట్టింపైతే, అందులో యంత్రాలు, పరికరాలు పెరగడం వల్ల వచ్చింది ఎనిమిదో వంతే. మిగతా ఏడు వంతులు ఎక్కడి నుంచి వచ్చాయో పెట్టుబడి లెక్కలకు అందలేదు. ఆ జవాబులో ఒక ముక్కను థియోడర్ షుల్ట్జ్, గ్యారీ బెకర్ 1960లలో ముందుకు తెచ్చారు: మనిషి నేర్చుకున్నది కూడా పెట్టుబడే. బావి తవ్వించడానికి డబ్బు పెట్టినట్టే చదువు మీద పెడతాం, బావిలో నీళ్లు వచ్చినట్టే ఏళ్ల తరబడి రాబడి వస్తుంది. ఆ తర్వాత ప్రపంచమంతటా వందల అధ్యయనాలు ఆ రాబడిని కొలిచాయి. బడిలో ఒక ఏడాది అదనంగా చదివినవాళ్ల సంపాదన సగటున 9 శాతం దాకా ఎక్కువ ఉంటుందని తేలింది.

ఒక మనిషి విషయంలో ఈ లెక్క నిజం. అందరి విషయంలో ఒకేసారి నిజం కాకపోవచ్చు. ఇక్కడే చాలామంది పొరపడతారు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో నల్లగొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి నుంచి వచ్చిన వేలాది మంది డిగ్రీ పిల్లలు గ్రూప్స్ కోచింగ్ తీసుకుంటూ ఉంటారు. ఇరుకు గదిలో నలుగురు, మెస్ భోజనం, స్టడీ హాల్‌లో నెలవారీ సీటు, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందోనన్న టెన్షన్. ఇరవై రెండో ఏట వచ్చినవాళ్లు ఇరవై ఎనిమిది దాకా అక్కడే ఉండిపోతారు. వాళ్లలో ఉద్యోగం వచ్చినవాళ్ల జీవితం మారిపోతుంది, అందులో సందేహం లేదు. కానీ పోస్టులు వెయ్యే ఉన్నప్పుడు ఒక లక్ష మంది అదనంగా చదివితే పోస్టులు పెరగవు. కటాఫ్ మాత్రమే పెరుగుతుంది. ఆ ఆరేళ్ల చదువు దేశానికి ఒక్క గింజ కూడా అదనంగా పండించదు. తప్పు ఆ పిల్లలది ఎంతమాత్రం కాదు. చదివిన చదువుకు విలువిచ్చే పని అదొక్కటే కనిపిస్తున్నప్పుడు ఎవరైనా అక్కడికే వెళ్తారు. లాంట్ ప్రిచెట్ అనే ఆర్థికవేత్త 2001లో అడిగిన ప్రశ్న సరిగ్గా ఇదే: ఇన్ని పేద దేశాల్లో చదువుకున్న ఏళ్లు పెరిగాయే, ఆ పెరుగుదల ఉత్పత్తిలో ఎందుకు కనిపించడం లేదు? బడిలో ఏమీ నేర్చుకోకపోవడం ఒక కారణం. నేర్చుకున్నదానితో చేసే పని చుట్టుపక్కల లేకపోవడం రెండోది. సంపద పుట్టించే పని కంటే ఉన్న సంపదలో వాటా దొరికే కుర్చీకే ఎక్కువ విలువ ఉండటం మూడోది.

మరి చదువు నిజంగా సంపద పుట్టించినప్పుడు ఎలా ఉంటుంది? దానికి నల్లగొండలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఇక్కడి బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పళ్లు గారపట్టడం, కాళ్లు వంకర్లు పోవడం, నలభై ఏళ్లకే నడుము వంగిపోయి పనికి పోలేకపోవడం. పెట్టుబడి అని మనం పిలుచుకుంటున్న మనిషే అలా అరిగిపోతుంటే ఎంత చదువు చెప్పించినా ఏం లాభం? నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970లలో దీనికి ఒక పద్ధతి కనిపెట్టారు. నీళ్లలో తగిన పాళ్లలో సున్నం, పటిక వేసి కలిపితే ఫ్లోరైడ్ ఆ మడ్డితో కలిసి అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లు వడగట్టుకోవాలి. పటిక, సున్నం ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి. దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు వచ్చింది. ఆఫ్రికాలో టాంజానియా, ఇథియోపియా, కెన్యా దాకా అదే పేరుతో వెళ్లింది.

ఆర్థికవేత్త పాల్ రోమర్ 1990లో చెప్పిన సిద్ధాంతానికి ఇంతకంటే సులువైన వివరణ దొరకదు. బస్తా యూరియా ఒకరు వాడితే ఇంకొకరికి ఉండదు. పటిక సున్నం కలిపే పాళ్లు ఒకరికి తెలిస్తే వెయ్యి ఊళ్లు వాడుకోవచ్చు, అరిగేదేమీ లేదు. అందుకే యంత్రాలు పోగేసుకునే దేశం ఒక హద్దు దగ్గర ఆగిపోవచ్చు గానీ, కొత్త తెలివిడి పుట్టించే దేశానికి ఆ హద్దు ఉండదు. రోమర్‌కు 2018లో నోబెల్ వచ్చింది ఈ ఆలోచనకే.

కానీ ఈ కథలో రెండో సగం కూడా ఉంది, అది నల్లగొండకే బాగా తెలుసు. పటిక ఎంత వేయాలో ప్రతి ఊరికీ ఒకే లెక్క ఉండదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో, క్షారత ఎంతుందో చూసి వేయాలి. ఎక్కువైతే ఒక నష్టం, తక్కువైతే ఇంకో నష్టం. రోజూ కొలవాలి, రోజూ మడ్డి తీయాలి. ఊళ్లో ఆ పని అర్థం చేసుకుని చేసే మనిషి, అతనికి నెలనెలా జీతం, రెండూ ఉండాలి. అవి లేనిచోట మంచి విద్య కూడా మూలన పడుతుంది. చివరికి ఫ్లోరైడ్ ఊళ్లకు ఊరట తెచ్చింది దూరం నుంచి పైపుల్లో వచ్చిన కృష్ణా నీళ్లే. ఇంటింటికీ తాగునీరు అందించే మిషన్ భగీరథ పైలాన్ 2015లో చౌటుప్పల్‌లో పెట్టడానికి వెనుక ఉన్న కారణం ఈ బాధే. శాస్త్రవేత్త ప్రయోగశాలలో పుట్టిన తెలివిడి ఊరి దాకా రావాలంటే, ఊళ్లో ఇంటర్ చదివిన ఒక మనిషి దాన్ని అందుకోవాలి. పైచదువులకూ బడిచదువుకూ పోటీ పెట్టి ఏది ముఖ్యమని వాదించేవాళ్లు ఈ ముడిని గమనించరు.

చదువు లేకుండా కూడా కనిపెట్టారు కదా అని ఒక మాట వస్తుంది. చింతకింది మల్లేశం పేరు చెప్తారు. న్యాయంగానే చెప్తారు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన ఆయన ఆరో తరగతితో బడి మానేశారు. పోచంపల్లి చీరకు రంగులద్దే ముందు దారాన్ని అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ ముందుకూ వెనక్కూ తిప్పాలి, దాన్నే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఊగాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఏడేళ్లు కష్టపడి 1999లో ఆయన లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. గంటల కొద్దీ పట్టే పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది.

దీన్ని చదువు అక్కర్లేదనడానికి సాక్ష్యంగా వాడటం ఆయన కష్టాన్ని తక్కువ చేయడమే. ఆ ఏడేళ్లలో ఆయన తనంతట తానే చదువుకున్నారు: మోటారు, గేర్లు, సర్క్యూట్లు. దొరికిన చోటల్లా, అప్పులు చేసి, ఊరివాళ్ల మాటలు పడి. పాలిటెక్నిక్‌లో మూడేళ్లలో చెప్పే విషయం ఇది. బడి దగ్గరలో ఉండి, ఫీజు కట్టగలిగి ఉంటే ఆ యంత్రం ఇంకా ఎన్నేళ్లు ముందే వచ్చేదో. అన్నిటికంటే బాధ కలిగించేది ఇంకొకటి. ఆరో తరగతిలో బడి మానిన మగ్గం ఇళ్ల పిల్లల్లో ఆయనలాంటివాళ్లు ఇంకెంతమంది ఉండేవారో మనకు ఎప్పటికీ తెలియదు. గెలిచిన ఒక్కరిని చూపించి, దారి మూసుకుపోయినవాళ్లను లెక్కలోంచి తీసేయడం విశ్లేషణ అనిపించుకోదు.

ఇప్పుడు కొరియా. 1945లో జపాన్ పాలన పోయే నాటికి అక్కడ చదవగలిగినవాళ్లు నూటికి 22 మంది అని చెప్తారు. భూసంస్కరణలు చేశారు, ముందు పల్లె బడులు నింపారు, 1960 నాటికి దాదాపు పిల్లలందరూ ప్రాథమిక బడిలో ఉన్నారు. ఆ తర్వాతే ఫ్యాక్టరీలు. బాగుంది. కానీ అదే 1960లో ఫిలిప్పీన్స్ తలసరి ఆదాయంలోనూ చదువులోనూ కొరియాకు ఏమీ తీసిపోలేదు. ఇవాళ ఫిలిప్పీన్స్ నర్సులు, ఓడ సిబ్బంది, ఇంటి పనివాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. చదువు సమానంగానే ఉంది, ఆ చదువును పిలిచే పని ఒక దేశంలో పుట్టింది, ఇంకో దేశంలో పుట్టలేదు. కేరళ గల్ఫ్ కథ కూడా కొంత ఇలాంటిదే.

పాలమూరుకు ఈ పోలిక దగ్గరగా తగులుతుంది. చదువు రానివాళ్లు ముంబై వెళ్లారు. చదువు వచ్చినవాళ్లు పట్నం వెళ్లారు. మహబూబ్‌నగర్‌లో బడి పెట్టి, మధ్యాహ్న భోజనం పెట్టి, హాస్టల్‌లో ఉంచి చదివించిన అమ్మాయి మాదాపూర్‌లో జీతం తీసుకుంటే ఆ ఉత్పత్తి పడేది హైదరాబాద్, రంగారెడ్డి లెక్కలో. ఇంటికి డబ్బు వస్తుంది, నిజమే: స్లాబ్ ఇల్లు, తమ్ముడి ఫీజు, నాన్న ఆపరేషన్. దేశం మొత్తంగా చూస్తే లాభమే. కానీ ఒక జిల్లా తన పిల్లల్ని చదివించి పంపిస్తూ తాను మాత్రం అక్కడే ఉండిపోతుంటే, చదువు వల్ల వృద్ధి వస్తుందన్న మాట ఆ జిల్లాకు ఎలా వినిపిస్తుంది? పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది, నల్లగొండలో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం అంతకు ఏడాది ముందు వచ్చింది. పట్టాలు ఇక్కడే దొరుకుతున్నాయి, పని ఇంకా పూర్తిగా ఇక్కడికి రాలేదు. జడ్చర్ల పక్కన పోలేపల్లిలో మందుల ఫ్యాక్టరీలు ఉన్నాయి. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీకి 2023లో పునాదిరాయి పడింది. అలాంటి చోట మిషన్ దగ్గర నిలబడేది ఎవరు, గేటు దగ్గర నిలబడేది ఎవరు అన్నది దగ్గరలోని ఐటీఐ, డిప్లొమా, బీఎస్సీ కెమిస్ట్రీ క్లాసుల్లో ఇప్పుడు ఏం చెప్తున్నారన్న దాని మీద ఆధారపడి ఉంది.

ఏం చెప్తున్నారు, ఏం వస్తోంది? బడికి వెళ్లడం వేరు, చదువు రావడం వేరు అన్న సంగతి తల్లిదండ్రులకు ఎప్పటి నుంచో తెలుసు. పల్లె పిల్లలకు ఎంత చదువు వచ్చిందో కొలిచే అసర్ సర్వే 2005 నుంచి దాన్ని అంకెల్లో పెడుతోంది. 2022లో దేశంలోని పల్లె బడుల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు నూటికి 43 మంది. ఆర్థికవేత్తలు ఎరిక్ హనుషెక్, లుడ్గర్ వూస్‌మాన్ దేశదేశాల పరీక్ష మార్కులను వృద్ధితో కలిపి చూస్తే తేలింది కూడా ఇదే: బడిలో కూర్చున్న ఏళ్లు కాదు, వచ్చిన చదువే వృద్ధితో గట్టిగా ముడిపడి ఉంది.

చదువు ఎక్కడ తెగిపోతుందో నడిగడ్డలో స్పష్టంగా కనిపిస్తుంది. కృష్ణా, తుంగభద్రల మధ్య గద్వాల, అలంపూర్ ప్రాంతం సీడ్ పత్తికి పేరు. హైబ్రిడ్ విత్తనం కావాలంటే ఒక్కో పువ్వునూ చేత్తో క్రాసింగ్ చేయాలి. సాయంత్రం పూట, తెల్లారితే విచ్చుకోబోయే మొగ్గను పట్టుకుని, రేకులు, లోపలి పుప్పొడి తొడుగు గోటితో ఒలిచేయాలి. కీలం మాత్రం దెబ్బతినకూడదు. పొద్దున్నే మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. ఒక్క మొగ్గ తప్పినా విత్తనం కల్తీ అవుతుంది. వానాకాలం నడిమి నుంచి రెండు మూడు నెలలు ఇదే పని, రోజూ పొద్దున, సాయంత్రం. ఎన్నో ఏళ్లు ఈ పని చేసింది ఎక్కువగా ఆడపిల్లలు. వాళ్ల వేళ్లు సన్నగా ఉంటాయి, చెట్టు ఎత్తుకు సరిపోతారు అని చెప్పేవాళ్లు. వాళ్ల కూలీ తక్కువ అన్న మాట చెప్పేవాళ్లు కాదు. విత్తన కంపెనీ తన మధ్యవర్తి అయిన ఆర్గనైజర్‌కు ఇచ్చే రేటు, ఆర్గనైజర్ రైతుకు ఇచ్చే రేటు, చివరికి ఆ పిల్ల కూలీ దగ్గరే ఆగేవి. మూడు నెలలు పోతే బడిలో పేరు ఉంటుంది, పాఠం ఉండదు. భిన్నాలు రాకపోతే శాతాలు రావు, శాతాలు రాకపోతే బారువడ్డీ రాదు. దేశానికి మంచి పత్తి విత్తనం వచ్చింది, ఆ ఏడాది జీడీపీ కూడా పెరిగింది. ఆ పిల్ల ముప్పై ఏళ్లపాటు సంపాదించగలిగేది మాత్రం తగ్గిపోయింది. ఆ తగ్గుదల ఏ ఏడాది లెక్కలోనూ రాయరు.

పేదరికం పోతేనే బాలకార్మికులు పోతారని చాలాకాలం అందరూ నమ్మారు. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్‌తో కలిసి పనిచేసిన శాంతా సిన్హా 1990లలో దాన్ని తలకిందులు చేసి చూపించారు. బడిలో లేని ప్రతి పిల్లా, పిల్లవాడూ పనిలో ఉన్నట్టేనని, ముందు బడికి తెస్తే ఇల్లు సర్దుకుంటుందని ఆమె వాదన. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం వచ్చింది. ఆర్థికంగా కూడా ఆ వాదనకు బలం ఉంది: పిల్లలు కూలీ మార్కెట్ నుంచి తప్పుకుంటే ఆ పనికి పెద్దవాళ్లనే పిలవాలి, కూలీ రేటు పెరుగుతుంది. పెరిగిన రేటు వెళ్లేది ఆ పిల్లల తల్లి చేతికే.

ఇక ఆడవాళ్ల అక్షరాస్యత, ఆ 45 శాతం దగ్గరికి. 2011లో చదువు రాని తల్లులే ఇవాళ బడికి వెళ్తున్న ఎందరో పిల్లల తల్లులు. సాయంత్రం హోంవర్క్ చూసేవాళ్లు ఇంట్లో లేరు, ట్యూషన్‌కు డబ్బు లేదు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆ ఏడాది ఆరేళ్ల వయసులో ఒకటో తరగతిలో చేరిన పాప 2004లో పుట్టింది. ఆమెకు ఇరవై నాలుగో ఏట బిడ్డ పుడితే 2028. ఆ బిడ్డ బడికి వెళ్లేది 2034లో, పదో తరగతి పాసయ్యేది 2044లో. ఇంట్లో చదువుకున్న తల్లి, బడిలో టీచర్, ఇద్దరూ ఉన్న తొలి తరం పనిలోకి దిగేది అప్పుడు. ఆ చట్టం దేశ వృద్ధికి ఏమిచ్చిందో 2015లోనో 2020లోనో తేల్చేసినవాళ్లు తొందరపడ్డారు.

చెరువులో పూడిక తీస్తే వచ్చే వానాకాలమే నీళ్లు కనిపిస్తాయి. టీచర్ పోస్టు నింపితే పాతికేళ్లు ఆగాలి. ఓట్లకు పాతికేళ్లు ఆగే ఓపిక ఉండదు. చదువుకు జాతీయ ఆదాయంలో 6 శాతం పెట్టాలని కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది, 2020 జాతీయ విద్యా విధానం మళ్లీ అదే అంకె రాసింది. మధ్యలో యాభై నాలుగేళ్లు గడిచాయి, ఆ మెట్టు ఎక్కలేదు. ఓపికగా పెట్టిన చోట ఫలితం కూడా ఇక్కడే ఉంది. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో తొలి గురుకుల పాఠశాల నల్లగొండ జిల్లా సర్వేల్‌లో తెరిచారు. ఇవాళ తెలుగు రాష్ట్రాల్లోని వందలాది గురుకులాలకు మూలం ఆ ఒక్క పల్లె బడే. మొదటి ఐదేళ్ల ఖర్చు, రాబడి చూసి మూసేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

వలస ఊళ్లకు కావలసినవి ఇంతకంటే చిన్నవి. తల్లిదండ్రులు ఊరు విడిచినా పిల్లలు అక్కడే తిని, అక్కడే పడుకుని చదువుకునేలా బడిలోనే సీజనల్ హాస్టల్ నడిపే ఏర్పాటు ఉంది. దానికి కావలసింది ఆ నెలలకు సరిపడా బియ్యం, ఒక వంటమనిషి, రాత్రి తోడుండే ఒక ఆయమ్మ. అన్నిటికంటే ముఖ్యం తేదీ. ఏడో తరగతి లెక్కల పుస్తకంలో నిష్పత్తులు, శాతాలు, బారువడ్డీ పాఠం ఏడాది నడిమికి, దసరాకు అటూ ఇటూగా వస్తుంది. ముంబై బస్సు నిండేది కూడా ఆ రోజుల్లోనే. హాస్టల్ తలుపు బస్సు కంటే వారం ముందు తెరుచుకుంటే, తల్లిదండ్రులు మేస్త్రీ పుస్తకంలో నిశాని వేసి బయల్దేరిన నాడు వాళ్ల పిల్ల తరగతిలో కూర్చుని, ఇరవై వేలకు నూటికి మూడు చొప్పున ఎనిమిది నెలల మిత్తి ఎంతో పలక మీద కడుతూ ఉంటుంది.